తాళం కంటే లెక్క ముఖ్యం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడి సైన్సు గదిలో యాసిడ్ సీసాల బీరువాకు తాళం ఉండేది. అయినా మాస్టారి ధ్యాసంతా స్టాకు రిజిస్టరు మీదే. సీసాలో ఎంత తగ్గిందో చూసి, చేసిన ప్రయోగాలతో సరిపోల్చేవారు. ఆయన చాదస్తం చూసి నవ్వుకునేవాళ్లం. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాక, అదెంత పెద్ద విషయమో చెప్పాలనిపించింది.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. దాని అణ్వాయుధాలు రష్యాతో పాటు ఉక్రెయిన్, కజకిస్థాన్, బెలారస్‌లలోనూ మిగిలాయి. 1997లో రష్యా జనరల్ లెబెద్, సూట్‌కేసులో పట్టే అణుబాంబులు కొన్ని కనిపించడం లేదన్నారు. ప్రభుత్వం ఖండించింది. అయినా లోకం హడలిపోయింది. "ఆ పెట్టె మన ఊరొస్తే ఎలా మాస్టారూ?" అని నా విద్యార్థులూ అడిగేవారు.

పెట్టె సంగతి అలా ఉంచండి. ఆ మూడు దేశాల్లోని వార్‌హెడ్లు 1996 చివరికల్లా రష్యాకు చేరాయి. బాంబును ఒకటి, రెండు అని లెక్కపెట్టవచ్చు. నిర్వహణ లేకుండా మూలన పడేస్తే అది పాడవుతుంది కూడా.

బాంబుకు పనికొచ్చే శుద్ధి చేసిన యురేనియం అలా కాదు. పాడవదు. చిటికెడు చిటికెడుగా పోతే కనిపించదు. 1992లో మాస్కో దగ్గర పొదోల్స్క్‌లో ఒక ఉద్యోగి నెలల తరబడి అలాగే సుమారు కిలోన్నర ఇంటికి పట్టుకెళ్లాడు. తయారీలో కొంత తరుగు సహజమని లెక్కల్లో వదిలేసేవారు. దొంగతనం ఆ తరుగులోనే దాగిపోయింది. చివరికి పోలీసులు పట్టుకున్నది బ్యాటరీల దొంగలను. వాళ్లతో పాటు ఇతనూ దొరికాడు!

కిలోన్నరతో బాంబు కాదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కలో 25 కిలోలు ప్రమాదకర పరిమాణం. కానీ ఇలాంటి తరుగులు ఇరవై చోట్లవి ఒకచోట చేరితే? నన్నడిగితే, అసలు ముప్పు అదీ.

దీనికి మందు కూడా సాదాసీదాదే. అమెరికా సెనేటర్లు నన్, లూగర్ 1991లో తెచ్చిన చట్టంతో కంచెలకు, తాళాలకు, తూకాలకు డబ్బు వచ్చింది. 1994లో కజకిస్థాన్ నుంచి సుమారు 600 కిలోల యురేనియాన్ని రహస్యంగా అమెరికాకు తరలించి భద్రపరిచారు. వీటి మీద సినిమాలు రావు. కానీ మనల్ని కాపాడేవి ఇవే.

మన సంఘం బడికి కొత్త ప్రయోగశాల కట్టించి ఇస్తోంది కదా. దానికి నా వంతు కానుకగా అట్టవేసిన స్టాకు రిజిస్టరు ఒకటి తెచ్చాను. మొదటి పేజీ మీద మాస్టారి పేరు రాశాను.

సెలవు.