దీపం చుట్టూ తిరిగే చుట్టాలు



సందెవేళ వరండాలో దీపం వెయ్యగానే రెక్కల పురుగులు మూగుతాయి. మనం చీపురు పుచ్చుకుంటాం. వాటిలో చిమ్మెటలు సీతాకోకచిలుకలకు దగ్గర చుట్టాలు. మనం ముచ్చటపడి కొనుక్కునే పట్టుచీర కూడా ఒక చిమ్మెట పిల్ల తీసిన దారమే కదండీ!

ఇవాళ అండమాన్ దీవుల చిమ్మెటల సంగతి చెబుతాను. మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడ ఎక్కి వెళ్ళి అక్కడ స్థిరపడ్డవాళ్ళు ఎందరో ఉన్నారు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ బజారులో తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది.

చుట్టూ సముద్రం. ఏ గాలికో కొట్టుకొచ్చిన పురుగు తరాల తరబడి అక్కడే ఉండిపోతే, మెల్లగా దాని రంగూ రూపూ మారతాయి. అందుకే మరెక్కడా లేని రకాలు అక్కడున్నాయి. అట్లాస్ చిమ్మెటల్లో అండమాన్‌కే సొంతమైనది ఒకటుంది. దానికి 1914లో గాని శాస్త్రజ్ఞులు పేరు పెట్టలేదు. రెక్కలు విప్పితే ఇంచుమించు జానెడు. అంత పురుగుకీ తినడానికి నోరు లేదంటే నమ్ముతారా? గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదాంతోనే కొద్ది రోజులు బతికి, గుడ్లు పెట్టి పోతుంది.

1877లో ఫ్రెడరిక్ మూర్ అనే ఆయన ఈ దీవుల సీతాకోకచిలుకల, చిమ్మెటల జాబితాను లండన్‌లో అచ్చువేయించారు. పగలు తిరిగే సీతాకోకచిలుకల్ని తర్వాత చాలామంది చూశారు. రాత్రి తిరిగే వీటిని చూసినవాళ్ళు తక్కువ.

చూడటం కష్టమేమీ కాదు. చీకటి రాత్రి, గాలి లేనప్పుడు, దండెం మీద తెల్ల దుప్పటి ఆరేసి ముందు దీపం పెట్టండి. వాలినదాన్ని ముట్టుకోకుండా ఫోటో తియ్యండి. పక్కన స్కేలు పెడితే కొలత తెలుస్తుంది. రెక్కలు పరిచి కూర్చుందా, మడిచిందా? మీసాలు దారంలా ఉన్నాయా, దువ్వెన పళ్ళలా ఉన్నాయా? తేదీ, వేళ, చోటు రాసుకోండి. చోటు రాయని ఫోటో ఎంత అందంగా ఉన్నా సగం పనికే వస్తుంది.

ఇక పేరు సంగతి. కొన్ని రకాలు కవలపిల్లల్లా ఉంటాయి. నిపుణులు సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప తేలవు. అప్పుడు ఊహించి పేరు పెట్టెయ్యకూడదు. “ఇంటిపేరు తెలిసింది, అసలు పేరు తేలలేదు” అని రాసుకోవడమే సరైన పని. అలాంటి రాతే రేపు ఒకరికి ఆధారమవుతుంది.

పని కాగానే దీపం ఆర్పెయ్యండి. తెల్లవార్లూ వెలిగితే అవి అక్కడే చిక్కుకుపోయి, పొద్దున్నే బల్లులకూ పిట్టలకూ పాలవుతాయి.

అడవి తరిగితే, ఎవరూ పేరు రాయకముందే ఒక రకం మాయమైపోవచ్చు. పోయిందని చెప్పడానికైనా అది ఉండేదని ఎవరో ఒకరు చూసి ఉండాలి కదా! బియ్యంలో రాయిని ఇట్టే పట్టే కన్ను మనది. ఈ పనికి అంతకంటే వేరే చదువు అక్కరలేదు. అండమాన్‌లో మీవాళ్ళుంటే ఈ మాట ఉత్తరంలోనో, ఫోనులోనో చెప్పండి. ఇక్కడున్న మనమైతే, ఈ రాత్రి చీపురు తీసేముందు ఒక్క నిమిషం ఆగి చూద్దాం.