తెర అను మాట
(పఠనమందిర సభయందు ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



తెర యనగా నేమో యెరుగనివారు మనలో లేరు. పెండ్లిలో వధూవరుల నడుమ అడ్డుతెర పట్టుదురు. జీలకఱ్ఱ బెల్లము వేళకు దానిని తొలగింతురు. కూచిపూడివారి భామాకలాపమున సత్యభామ తెరమీద జడవేసి, పిమ్మట దర్శనమిచ్చును. తోలుబొమ్మలాటలో తెరయే బొమ్మను చూపును. మన తెర తొలగుటకో చూపుటకో యేర్పడినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము పత్రికలలో ఈ సాధువైన మాట యేమయ్యెనో నేడు మనవి చేసెదను.

1946 మార్చి 5వ తేదీన అమెరికాలోని ఫుల్టన్ పట్టణ కళాశాలలో చర్చిల్ ఉపన్యసించెను. అప్పటికాయన ప్రధాని కాడు. 1945 ఎన్నికలలో పదవి పోయినది. అయినను అధ్యక్షుడు ట్రూమన్ వేదికపై నుండుటచే లోకము చెవియొగ్గెను. బాల్టిక్ తీరమందలి స్టెట్టిన్ మొదలు ఏడ్రియాటిక్ తీరమందలి ట్రీస్టె వఱకు ఐరోపా కడ్డముగా ఇనుపతెర దిగినదని ఆయన చెప్పెను.

ఆ మాట ఆయన సృష్టి కాదు. రంగస్థలమున నిప్పంటుకొన్నచో మంటలు ప్రేక్షకులపైకి రాకుండ దింపెడి ఇనుపతెర సీమ నాటకశాలలలో పూర్వమే కలదు. 1920లో ఎథెల్ స్నోడెన్ అను ఆంగ్లవనిత రష్యాను గూర్చి వ్రాయుచు దాని పేరు వాడెను. 1945 ఫిబ్రవరిలో నాజీ ప్రచారమంత్రి గోబెల్సును వాడెను. ప్రాణరక్షణకై పుట్టిన వస్తువు పేరు ఇట్లు చేతులు మారినది.

మాట కేవల మసత్యమా? కాదు. మాస్కోనుండి విదేశ విలేఖరులు పంపు వార్తలను ప్రభుత్వము కత్తిరించుచుండెను. 1947 జనవరిలో పోలెండు ఎన్నికలు అక్రమముగా నడచెను. సాక్ష్యము కొంత బలమైనదే.

కాని ఉపన్యాసమును పూర్తిగ చదువుడు. తెర వెనుకనున్న నగరములలో ప్రేగ్, వియన్నా, బెల్‌గ్రేడులను పేర్కొన్న ఆ వక్తయే, నిజమైన ప్రజాస్వామ్యము లేదనునప్పుడు చెకోస్లొవేకియాను మినహాయించెను. రష్యా ప్రజలయెడ తన ఆదరమును వెల్లడించెను. కాలక్రమమున పత్రికలలో నిలిచినది ఇనుపతెర, మినహాయింపు నిలువలేదు. చెకోస్లొవేకియాలో 1946 మేలో పలుపక్షములు పోటీచేసి ఎన్నికలు జరిగెను. కమ్యూనిస్టులు అధికారమును పూర్తిగ చేజిక్కించుకొన్నది 1948 ఫిబ్రవరిలో. వియన్నా నాలుగు రాజ్యముల స్వాధీనమందుండి 1955లో విముక్తి నొందెను. బెల్‌గ్రేడు నేలిన టిటో పక్షమును 1948లో రష్యా కూటమియే వెలివేసెను. మూడు నగరములు, మూడు చరిత్రలు. ఒక్క మాట మూటికిని ముసుగు వేసెను.

అవతలివారును తక్కువ తినలేదు. వారము దాటి కొలదిదినములకే స్టాలిన్ ప్రావ్దా పత్రికలో చర్చిలును హిట్లరుతో పోల్చెను. పిమ్మట చైనాకు వెదురుతెర యను పేరు వచ్చినది. మన తెలుగు పత్రికలును ఇనుపతెర, ఉక్కుతెర యని వ్రాసెను. 1961లో బెర్లిన్ నడుమ నిజమైన గోడయే లేచెను; 1989 నవంబరు 9న దాని ద్వారములు తెరువబడెను. మాటయే గోడ కట్టినదని నేననను. గోడకు పదునైదేండ్ల ముందే మన మనస్సులు దానికి అలవాటు పడినవని మాత్రము చెప్పుదును.

ఒక నేరము నొప్పుకొందును. కాలేజీ దినములలో ఒక మిత్రుడు ఆ దేశములలోని రైతుల స్థితిని గూర్చి చెప్పబోగా, "అవి ఇనుపతెర వెనుకటి మాటలు" అని నవ్వితిని. చుట్టునున్నవారును నవ్విరి. ఆయన కూర్చుండెను. ఆయన చెప్పదలచిన దేమో నేటికిని నాకు తెలియదు. కోర్టులో సాక్షిని విచారింపక తోసివేసిన న్యాయవాదిని తప్పుపట్టుదుము, నేనాదినమున చేసినదదియే.

కనుక పత్రిక విప్పినప్పుడు పెద్ద అక్షరముల మాట కనబడినచో మూడు ప్రశ్నలు వేయుడు. దీనిని మొదట ఎవరనిరి? పూర్తిగ నేమనిరి? దీని చాటున మనకు కనబడకుండ పోయినవారెవరు? ఆ మూడవ ప్రశ్నను మరువకుడని ప్రార్థించి విరమించుచున్నాను.