చక్రము విసరిన విద్యార్థి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

   

గ్రంథాలయ రజతోత్సవమున ఆటలను గూర్చి ప్రసంగింతునని నేను తెలిపినప్పుడు కార్యదర్శిగారు కొంత ఆశ్చర్యపడిరి. పుస్తకములున్న చోట ఇనుపగుండుతో పని యేమియని పెద్దలు కొందరు తలంపవచ్చును. గరిడీలును సంగిడిరాళ్లును మన ఊళ్లకు క్రొత్తవి కావు. కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసినవారే. బడియును బలమును ఒకదానికొకటి విరోధులని మన పూర్వులు తలంపలేదు. కావున ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి చక్రమును చేతబట్టి ఎంత దూరము పోయెనో నేడు మీకు మనవి చేయదలచితిని.

ఆ విద్యార్థి పేరు ఆల్ ఓర్టర్. 1936 సెప్టెంబరు 19వ తేదీన న్యూయార్కు నగరమందలి ఆస్టోరియాలో జన్మించెను. లాంగ్ ఐలెండులో పెరిగి, అచ్చటి సెవాన్‌హాకా ఉన్నత పాఠశాలలో చదివెను. పదునైదేండ్ల ప్రాయమున ఆతడు పరుగునకై సాధన చేయుచుండగా, ఎవరో విసరిన చక్రము దారితప్పి ఆతని పాదములకడ పడెను. ఆతడు దానిని తీసి తిరిగి విసరెను. అది అచ్చట నిలిచియున్న వారి తలలమీదుగా పోయి ఆవల పడెను. అది చూచిన శిక్షకుడు ఆతనిని చక్రము విసరువాడుగా తీర్చిదిద్దుటకు పూనుకొనెను.

దీనిని అదృష్టమని చెప్పుట వాడుక. నేనట్లు తలంపను. ఆ మైదానమున ఒక చక్రముండెను; చూచి గుర్తించు ఒక కన్ను ఉండెను. ఈ రెంటిలో ఏ యొక్కటి లేకున్నను ఓర్టరును లోకము ఎఱుగదు. మన పల్లెలలో ధాన్యపు బస్తాను అవలీలగా భుజమున కెత్తు కుఱ్ఱవాండ్రు లేరా? వారి పాదములకడ చక్రము పడలేదు. అంతే భేదము.

ఈ క్రీడలను చూడని వారికొఱకు కొన్ని మాటలు చెప్పవలసి యున్నది. పురుషుల చక్రము 2 కిలోగ్రాములు, స్త్రీల చక్రము 1 కిలోగ్రాము. చక్రము విసరువాడు రెండున్నర మీటర్ల వ్యాసముగల వలయమున నిలిచి, ఒకటిన్నర చుట్టు తిరిగి విసరును. గుండు పురుషులకు 7.26 కిలోగ్రాములు, స్త్రీలకు 4 కిలోగ్రాములు. దాని వలయము 2.135 మీటర్లు. గుండును రాయివలె వెనుకనుండి గిరవాటు వేయరాదు. మెడకు ఆనించి, భుజముమీదుగా ముందునకు త్రోయవలెను. రెంటియందును బలము చేతినుండి పుట్టునని చూచువారు భ్రమపడుదురు. అది పాదములనుండి పుట్టి, తొడలలో పెరిగి, నడుము తిరుగుటచే వేగము పొంది, చిట్టచివరకు వ్రేళ్లను చేరును. చక్రమునకు ఎదురుగాలి ఒక్కొక్కప్పుడు మేలు చేయును. గాలి దానిని క్రిందినుండి ఎత్తిపట్టును. ఇది తెలిసినవాడు గాలిని నిందింపక దానిని వాడుకొనును.

ఇందు బుద్ధికెంత చోటున్నదో ప్యారీ ఒబ్రయన్ చూపెను. ఆతనికి పూర్వము గుండు త్రోయువారు ప్రక్కకు తిరిగి నిలిచి ఆరంభించుచుండిరి. ఆతడు గుండు పోవలసిన దిక్కునకు వీపు పెట్టి నిలిచి, వెనుకకు జారి, అర్ధవలయము తిరిగి త్రోయు పద్ధతిని నెలకొల్పెను. గుండు చేతిలో నుండు కాలము పెరిగెను. దానివెంట దూరము పెరిగెను. 1954లో అరువది అడుగుల హద్దును మొదట దాటినవాడు ఆతడే. 1952, 1956 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకములు పొందెను. దేహబలము వేలమందికి గలదు. నిలుచు తీరును మార్చవలెనను ఊహ ఒక్కనికి కలిగెను.

మరల ఓర్టరు కథకు వత్తము. అమెరికా ఉన్నత పాఠశాలలలో బాలురు విసరు చక్రము 1.6 కిలోగ్రాములు. 1954లో ఆతడు దానిని 184 అడుగులకు మించి విసరి, ఆ దేశపు పాఠశాల విద్యార్థులలో అగ్రగణ్యుడయ్యెను. తరువాత కాన్సాస్ విశ్వవిద్యాలయమున చేరెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో 2 కిలోగ్రాముల చక్రమును 56.36 మీటర్లు, అనగా దాదాపు 185 అడుగులు విసరి స్వర్ణపతకము గెలిచెను. విద్యార్థులు ఈ లెక్కను గమనింపవలెను. చక్రము బరువెక్కినది, దూరము తగ్గలేదు. ఆ నడుమ గడచిన రెండేండ్ల సాధన యంతయు ఆ రెండు సంఖ్యలలో నున్నది.

1957లో మోటారుకారు ప్రమాదమున ఆతడు ప్రాణాపాయ స్థితికి వచ్చెను. కోలుకొని 1960లో రోమునకు పోయెను. అచ్చట సహచరుడు రింక్ బాబ్కా ముందంజలో నుండెను. ఓర్టరు ఐదవమారు విసరబోవుటకు ముందు ఆతని ఎడమచేయి ఉండవలసిన తీరున లేదని బాబ్కాయే తెలిపెను. ఓర్టరు ఆ లోపమును దిద్దుకొని 59.18 మీటర్లు విసరెను. స్వర్ణము ఓర్టరునకు, రజతము బాబ్కాకు దక్కెను. ప్రతిపక్షి లోపమును చూచి మౌనముగా నుండిన, బాబ్కాయే గెలిచియుండును. ఆ నాటి పతకములలో ఏది గొప్పదో మీరే నిర్ణయింపుడు.

1962లో రెండువందల అడుగుల హద్దును ఓర్టరు దాటెను. 1964 టోక్యో క్రీడలనాటికి మెడయెముక బాధచే పట్టీ ధరించియుండెను. దానికి తోడు పోటీకి కొలది దినములకు ముందు ప్రక్కటెముకలకడ మృదులాస్థి చినిగెను. వైద్యులు విశ్రాంతి తీసికొమ్మనిరి. కట్లతో వలయమున నిలిచి, ఐదవమారు 61.00 మీటర్లు విసరి మూడవ స్వర్ణమును పొందెను. 1968లో మెక్సికోనందు, వానకు తడిసిన వలయమున, 64.78 మీటర్లతో నాలుగవది పొందెను. అథ్లెటిక్సు పోటీలలో ఒకే వ్యక్తి ఒకే క్రీడయందు వరుసగా నాలుగు ఒలింపిక్ స్వర్ణములు పొందుట అదియే ప్రథమము.

ఈ కాలమంతయు చక్రము ఆతనికి అన్నము పెట్టలేదు. గ్రమ్మన్ విమాన సంస్థలో కంప్యూటరు పని చేసి ఆతడు జీవించెను. పని ముగిసిన పిదపనే సాధన. 1968 పిమ్మట విరమించి, చాల ఏండ్లకు మరల చక్రము పట్టి, 1980లో నలువదిమూడేండ్ల వయస్సున 69.46 మీటర్లు విసరెను. పోటీలలో ఆతడు విసరినవానిలో అదియే మిక్కిలి దూరము. అయినను ఆ యేటి అమెరికా జట్టు ఎంపికలో నాలుగవవాడయ్యెను. పిమ్మట చిత్రలేఖనమునకు మరలి, రంగులమీద చక్రమును విసరి చిత్రములు చేసెను. 2007లో కీర్తిశేషుడయ్యెను.

ఇక మన సంగతి. మన దేశమున ఈ క్రీడలకు వారసత్వము లేకపోలేదు. 1954 మనీలా ఆసియా క్రీడలలో పర్దుమన్ సింగ్ గుండు, చక్రము రెంటియందును స్వర్ణములు పొందెను. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో కృష్ణ పూనియా చక్రము విసరి స్వర్ణము గెలిచెను. కావున ఇది బాలికలకు తగదను మాట ఇకమీదట ఎవరును అనరాదు.

మన పాఠశాలలో బాగుగ గుండు త్రోయు పిల్లవాడు పదవ తరగతితో ఆటను విడిచిపెట్టుచున్నాడు. ఆ పిమ్మట ఆతనికి గుండు లేదు, మైదానము లేదు, చూచు కన్ను లేదు. ఈ సంఘమునకు నాదొక విన్నపము. బీరువా ప్రక్కన ఒక పెట్టెలో రెండు గుండ్లను, రెండు చక్రములను, ఒక కొలత టేపును ఉంచుడు. పుస్తకమువలెనే పేరు వ్రాసికొని ఇండు. పుస్తకముల సొమ్ము తాకవలదు. ఇందులకు వేఱుగా చందా వేయుదము. పదునెనిమిదేండ్ల లోపు బాలురకు 5 కిలోగ్రాముల గుండును 1.5 కిలోగ్రాముల చక్రమును నియమము. అంతకు మించిన బరువు లేతకీళ్లకు హాని. విసరునప్పుడు ఎదుట ఎవరును నిలువరాదు. ఉపాధ్యాయుడో, వయసువచ్చినవాడో ఒకడు తప్పక దగ్గర నుండవలెను.

చదువు చెడునని తల్లిదండ్రులు శంకింతురు. ఆ శంక న్యాయమైనదే. గుండు పట్టిన ప్రతివాడును ఓర్టరు కాడు. పతకమును ఆశచూపి పిల్లల చదువు మాన్పించుట ద్రోహము. నేను కోరునది పతకము కాదు. ప్రతి విసురును కొలిచి, తేదీ వేసి, గ్రంథాలయపు పుస్తకమున వ్రాయుడు. నిన్నటి దూరమును నేటి దూరముతో పోల్చుకొను అలవాటు అబ్బినవాడు లెక్కలలోను, సేద్యములోను, ఉద్యోగములోను దానినే వాడుకొనును. ఇట్టి లెక్కను భద్రపఱచుటకు గ్రంథాలయముకన్న తగిన చోటేది?

ఇరువదియైదేండ్లుగా ఈ సంస్థ ఊరికి చదువరులను ఇచ్చినది. రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ ఊరి పిల్లల పాదములకడ ఒక చక్రమునైనను పడనిండు. దానిని తీసి విసరు పని వారు చూచికొందురు. చూచి గుర్తించు పని మనది.

 గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లు గాక!