సిగ్గుపడి దాచుకోవద్దు



దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడితే మనం ఏమంటాం? "మొలలే, వేడి చేసింది" అంటాం. సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పం. అవి మొలలే కావచ్చు. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ కూడా కావచ్చు. డాక్టరు చూస్తేనే తెలుస్తుంది.

గడ్డ ఉంటే ఆపరేషన్ చేస్తారు. పాడైన పేగు ముక్క తీసేసి, మిగిలిన పేగును కలిపి కుడతారు. గడ్డ బాగా కింద ఉంటే కొందరికి పొట్ట మీద దారి చేసి సంచి పెడతారు. చాలామందికి అది కొన్ని నెలలే. సంచి ఉన్నా వంట చేసుకోవచ్చు, పెళ్లిళ్లకు వెళ్లవచ్చు.

మరి ఆపరేషన్ అయ్యాక బతుకుతామా? అది మనం ఎంత త్వరగా వెళ్లామో దాన్ని బట్టి ఉంటుంది. అమెరికా లెక్కలు చూడండి. జబ్బు పేగు దాటకముందే తెలిస్తే, నూటికి సుమారు 90 మంది అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక తెలిస్తే, నూటికి సుమారు 15 మందే.

జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే తిరగబెడుతుంది. కుట్లు మానాయి కదా అని ఊరుకోకండి. డాక్టరు రమ్మన్న తేదీకి తప్పక వెళ్లండి. అయిదేళ్ల దాకా చూపించుకోండి.

రక్తం కనిపించిందా? ఈ రోజే చెప్పండి. సిగ్గు కన్నా ప్రాణం గొప్పది.