బండి బొమ్మలో ఖాళీ గళ్లు



గంజాయి కేసు చేతికొస్తే, నాకు వకీలు పని నేర్పిన గురువుగారు ముందుగా చార్జిషీటు చదవనిచ్చేవారు కాదు. తెల్లకాగితం ముందుకు తోసి "బండి బొమ్మ గీయవోయ్" అనేవారు. డ్రైవరు సీటు, పక్క సీటు, వెనక ముగ్గురు, డిక్కీ. సరుకు ఎక్కడ దొరికింది, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, డిక్కీ తాళం ఎవరి జేబులో ఉంది, అన్నీ అందులో గుర్తు పెట్టించేవారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో నేను మాట్లాడేది ఆ బొమ్మలో ఖాళీగా మిగిలిపోయే గళ్ల గురించి.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో బండి యజమానికి 25వ సెక్షన్ ఉంది. తెలిసి బండి వాడుకోనిస్తేనే అది నేరం. ప్రయాణికుడి కోసం విడిగా రాసిన సెక్షన్ లేదు. అతని గతి అంతా 'స్వాధీనం' అన్న ఒక్క మాట మీద ఆధారపడింది. కోర్టుల్లో మనం కాన్షస్ పొసెషన్ అంటాం. సరుకు ఉందని తెలియాలి, దాని మీద అదుపూ ఉండాలి. అయితే 35, 54 సెక్షన్లు భారాన్ని ముద్దాయి మీదికి తిప్పుతాయి. తెలియదని అతనే రుజువు చేసుకోవాలి. తెలియకపోవడానికి సాక్షిని ఎక్కణ్ణుంచి తెస్తాడు? 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు దీనికొక హద్దు గీసింది: పునాది వాస్తవాలు ముందు ప్రాసిక్యూషనే నిరూపించాలి.

స్వాధీనం ఎక్కడ మొదలవుతుందో రెండు తీర్పుల్లో చూద్దాం. 2002 నాటి అవతార్ సింగ్ కేసు పంజాబ్‌ది. గసగసాల కాయల పొట్టు బస్తాల మీద కూర్చుని దొరికినవాళ్లను సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. బస్తా మీద కూర్చోవడం, బస్తా తనదవడం ఒకటి కాదంది. మరుసటి ఏడాది హిమాచల్ నుంచి వచ్చిన మదన్‌లాల్ కేసులో కారులో చరస్ దొరికింది. అది ప్రైవేటు బండి, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఎందుకు కలిసి వెళ్తున్నారో చెప్పలేదు. శిక్ష నిలిచింది. ఈ రెండింటికీ పొత్తు కుదరదని కొందరంటారు. నేనొప్పుకోను. రెండు చోట్లా కోర్టు చూసింది మనిషికీ సరుకుకూ ఉన్న సంబంధాన్నే.

ఆ సంబంధాన్ని సోదా వివరాలు నమోదుచేసే మన మహజర్లు రాయవు. "వాహనంలో ఉన్న ఎ-1 నుంచి ఎ-4 వరకు గల ముద్దాయిల స్వాధీనం నుంచి" అని నలుగురినీ ఒకే వాక్యంలో కట్టేస్తారు. డిక్కీలో 24 కిలోల గంజాయి దొరికితే తలా ఆరు కిలోలు అని పంచరు, ప్రతివాడి నెత్తినా 24 పెడతారు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కాబట్టి నేరం రుజువైతే పదేళ్లకు తక్కువ కాకుండా శిక్ష. 37వ సెక్షన్ వల్ల బెయిలు గగనం. చార్జిషీటు కోసమే 180 రోజుల దాకా ఆగాల్సి రావచ్చు. నిర్దోషిగా తేలినా ఆ రోజులు ఎవరూ తిరిగివ్వరు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాను వీడియో తీయమంటోంది. నేను అడిగేదొక్కటే. మనుషుల్ని కిందికి దింపి వరసగా నిలబెట్టాక కాదు, తలుపు తెరవకముందే కెమెరా మొదలుకావాలి. ఎవరెక్కడ కూర్చున్నారో, ఆ క్షణాన ఎవరేమన్నారో విడివిడిగా రాయాలి.

పాడేరు నుంచి నర్సీపట్నం దారిలో చెయ్యెత్తి కారెక్కిన ఒక కుర్రాడి కేసులో గురువుగారు సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేస్తూ, "ఇతను ఏ సీట్లో ఉన్నాడండీ?" అనడిగారు. సాక్షి మహజరు తిరగేశాడు. మళ్లీ మొదటి పేజీకి వెళ్లాడు. చివరికి గుర్తులేదన్నాడు. కుర్రాడు బయటికొచ్చాడు. అప్పటికి వాళ్ల నాన్న పోయి ఏడాది. నేను ఆ కేసుకు గీసిన బొమ్మ ఇప్పటికీ ఫైల్లోనే ఉంది. వెనక సీట్లో మూడు గళ్లు, మూడింట్లోనూ గురువుగారి ఎర్ర పెన్సిలుతో పెట్టిన ప్రశ్నార్థకాలు.