తాడు ఎవరి చేతిలో ఉంది?



మొన్న ఒక సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంటే మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. భువనగిరి గుట్ట మీద అయిదు రోజుల శిబిరమట. తాళ్లు కట్టుకుని రాతి బండలు ఎక్కడం నేర్పుతారట. కాగితం కింద తల్లి గాని, తండ్రి గాని సంతకం చేయాలి. ప్రమాదం ఉంటుందని తెలిసే పంపిస్తున్నాం అన్న మాట సన్నటి అక్షరాల్లో ఉంది. పిల్లకు పధ్నాలుగేళ్లు. "పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు నాకన్నా చిన్నదమ్మా" అన్నది. నాకు జవాబు తోచలేదు. "మీ నాన్నను రానీ" అన్నాను. ఏమీ తోచనప్పుడు మనందరం అనే మాటే గదా అది!

ఆ రాత్రి నాకు మా ఊరి బావి జ్ఞాపకం వచ్చింది. మా నల్లగొండ పల్లెల్లో ఎండాకాలం సెలవులంటే మోటబావి దగ్గర పిల్లల జాతరే. మా నాన్న మా అన్న వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, నడుముకు తాడు కట్టి, నీళ్లలో దింపేవాడు. తాడు కొస పట్టుకుని తాను ఒడ్డున నిలబడేవాడు. అన్న మునిగితే తాడు బిగించేవాడు, చేతులు ఆడిస్తే వదులు చేసేవాడు. కొన్నాళ్లకు బుర్ర పోయింది, తర్వాత తాడూ పోయింది. నేనూ దిగుతానంటే మాత్రం మా అమ్మ, "ఆడపిల్లవు, బాయిల దుంకుతవా? చూసినోళ్లు ఏమంటరు?" అన్నది. నలభై దాటినా నాకు ఈత రాదు. నాగార్జునసాగర్ పోతే మెట్ల మీదే కూర్చుంటాను. మా అమ్మ నన్ను నీళ్లనుంచి కాపాడింది, నిజమే. నీళ్లలో పడ్డనాడు నన్ను నేను కాపాడుకునే విద్య మాత్రం నాకు అందలేదు.

మా ఇంట్లో వచ్చిన ఈ ప్రశ్నే 2009లో నెదర్లాండ్స్ దేశంలో కోర్టు దాకా పోయింది. లారా డెక్కర్ అనే పదమూడేళ్ల పిల్ల తెరచాప పడవలో ఒంటరిగా ప్రపంచం చుట్టి వస్తానన్నది. తండ్రి సరేనన్నాడు. కోర్టు మాత్రం ఆ పిల్లను శిశు సంరక్షణాధికారుల పర్యవేక్షణలో పెట్టి ప్రయాణం ఆపించింది. ఆ వ్యవధిలో లారా ప్రథమ చికిత్స నేర్చుకుంది, మునుపటి కన్నా పెద్ద పడవ సిద్ధం చేసుకుంది. 2010లో అనుమతి వచ్చింది. పధ్నాలుగేళ్ల వయసులో బయల్దేరి, 2012 జనవరిలో పదహారేళ్ల పిల్లగా క్షేమంగా ఒడ్డు చేరింది.

అందరికీ అంత సాఫీగా జరగలేదు. ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా వాట్సన్ 2009లో అసలు ప్రయాణానికి ముందు పరీక్షగా పడవ నడుపుతూ, రాత్రి కాస్త కునుకు తీసిన వేళ పెద్ద సరుకు ఓడకు తగిలింది. స్తంభం విరిగింది, ప్రాణం దక్కింది. పడవ బాగుచేసుకుని మళ్లీ బయల్దేరి, పదిహేడో పుట్టినరోజుకు మూడు రోజుల ముందు ఇల్లు చేరింది. అమెరికా పిల్ల ఆబీ సండర్లాండ్ పడవ స్తంభం 2010 జూన్‌లో మన హిందూ మహాసముద్రం నడిమధ్యన తుఫానుకు విరిగిపోయింది. పడవలోని ఆపద సంకేతాల యంత్రం పనిచేసింది గనుక ఆమె ఎక్కడుందో తెలిసింది. ఒక ఫ్రెంచి చేపల ఓడ వెళ్లి కాపాడింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు.

ఇక మన పూర్ణ సంగతి. నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు పదమూడు సంవత్సరాల పదకొండు నెలలు. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల్లో చదివినవాళ్లే. ఆ గురుకులాల అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ మన పాత పాలమూరు జిల్లా ఆలంపురం వారు. వాళ్లు మొదట తాడు పట్టిన బండ మా భువనగిరి కోట గుట్ట. గురువు శేఖర్ బాబు అంతకు ముందే, 2007లో ఎవరెస్టు ఎక్కినవాడు. వంద మందికి పైగా పిల్లలకు శిక్షణ మొదలుపెట్టి, డార్జిలింగులో, లడఖ్ చలిలో పరీక్షించి, చివరికి ఇద్దరిని మాత్రమే పంపారు. మనం ఆ ఇద్దరికీ చప్పట్లు కొడతాం. మిగిలినవాళ్లకు "నువ్వు వద్దు" అని చెప్పగలిగిన పెద్దవాళ్లున్నారే, తల్లిగా నాకు ధైర్యం ఇచ్చింది వాళ్లు.

అయినా భయం అబద్ధం కాదు. అదే ఏడు ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది షెర్పాలు చనిపోయారు. కొండ పుట్టి పెరిగినవాళ్లు వాళ్లు! నేపాల్ వైపునుంచి పదహారేళ్ల లోపు వాళ్లను ఎక్కనివ్వరు. పూర్ణ ఎక్కింది టిబెట్ వైపునుంచి.

పూర్ణ శిఖరం ఎక్కిన రెండు వారాలకే, జూన్ 8న, మనమంతా టీవీల ముందు కూర్చుని ఏడ్చిన రోజు వచ్చింది. హైదరాబాదు ఇంజనీరింగు కాలేజీ పిల్లలు విహారయాత్రకు హిమాచల్ వెళ్లి, బియాస్ నదిలో బండల మీద ఫోటోలు దిగుతున్నారు. ఎగువ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు సాహసం చేయడానికి పోలేదు. ఏ తల్లీ ఆ ప్రయాణానికి భయపడి ఉండదు. నది ఎప్పుడు పొంగుతుందో తెలిసి, "పైకి రండి" అని సమయానికి కేకవేసే మనిషి అక్కడ లేకపోయాడు.

ఇదంతా ఆలోచిస్తే నాకొకటి అర్థమయింది. మనం వయసు చూసి, పేరు చూసి భయపడతాం. చూడవలసింది తాడు ఎవరి చేతిలో ఉన్నదని.

ఒంటరి సముద్రయానం నాకు నచ్చనిది అందుకే. కొండ మీద పూర్ణ పక్కన మనుషులున్నారు. నడిసముద్రంలో పిల్ల నిద్రపోతే చుక్కాని దగ్గర మేలుకుని ఉండేది ఎవరు? నిద్ర ఆపుకోవడం ధైర్యంతో అయ్యే పని కాదు. పైగా "అతి పిన్న వయస్సు" అనే రికార్డులో ఒక చిక్కుంది. దాన్ని దాటాలంటే ఇంకా చిన్నపిల్ల కావాలి. ఆ తొందర పిల్లదా, వెనకనున్న పెద్దలదా? పద్దెనిమిది నిండేదాకా ఒంటరిగా వద్దనే నేనంటాను. ఆగినంత మాత్రాన ఏమీ పోదు. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య నౌకాదళంలో చేరి, శిక్షణ పొంది, 2017-18లో ఆరుగురు స్త్రీలే నడిపిన తారిణి పడవలో 254 రోజులు ప్రయాణించి భూగోళం చుట్టి వచ్చారు. మా భువనగిరి పిల్ల అన్వితారెడ్డి కూడా ఆ గుట్ట మీదే నేర్చుకుని, ఇరవై దాటాక 2022లో ఎవరెస్టు ఎక్కింది. కొండ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

మా అమ్మాయి కాగితం పట్టుకుని నేనే భువనగిరి బస్సెక్కాను. శిబిరంలో నాలుగు ప్రశ్నలడిగాను. నేర్పేవారు ఎక్కడ నేర్చుకున్నారు? తాళ్లు ఎన్నాళ్లకు మారుస్తారు? దెబ్బ తగిలితే ఆసుపత్రికి ఎంతసేపు? నా పిల్ల భయపడి "దిగుతాను" అంటే నవ్వకుండా దించుతారా? ఓపికగా చెప్పారు. అక్కడ ఒక పిల్ల బండ మీద పాకుతుంటే కింద నిలబడినాయన తాడు బిగిస్తూ, వదులు చేస్తూ ఉన్నాడు. మా నాన్నే నిలబడ్డట్టనిపించింది. సంతకం పెట్టాను. చెయ్యి వణికి అక్షరాలు వంకర పోయాయి, అది వేరే సంగతి.

ఆ వారమే డిగ్రీ చదివే మా అబ్బాయి, స్నేహితులతో మోటారు సైకిళ్ల మీద కృష్ణ ఒడ్డుకు ఈతకు పోతానన్నాడు. ఇన్నాళ్లూ మగపిల్లవాడని "జాగ్రత్త నాయనా" అని పంపేదాన్ని. ఈసారి వాడినీ అవే ప్రశ్నలడిగాను. అయిదుగురిలో ముగ్గురికి ఈత రాదు. చోటు తెలిసినవాడు ఒక్కడూ లేడు. వద్దన్నాను. "చెల్లెను గుట్ట మీదికి పంపి నన్ను ఆపుతవా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా కళ్లముందే తిరిగాడు గదా!

మీ పిల్లలు కూడా రేపో మాపో ఏదో కాగితం తెస్తారు. వెంటనే "వద్దు" అనకండి, అట్లాగని చదవకుండా సంతకమూ పెట్టకండి. ఒకసారి స్వయంగా వెళ్లి, తాడు కొస ఎవరి చేతిలో ఉందో చూసి రండి. ఏ కాగితమూ తేకుండా గడప దాటే పిల్లవాడినీ అదే మాట అడగండి.

సెలవు.