రసాయనశాస్త్ర విద్య: చిన్న కళాశాలనుండి విశ్వవిద్యాలయమునకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



ఈ సభయందు ప్రబంధములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగింపుమని మిత్రులు నన్ను కోరిరి. నాకును అది ప్రియమైన పనియే. కాని ఈ గ్రంథాలయమునకు నేనొక ఋణము పడియున్నాను. దానిని నేడు తీర్చుకొనదలచి మరియొక విషయమును ఎత్తుకొంటిని. నేను రసాయనశాస్త్రము చదివినవాడను కాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. అయినను ఆ శాస్త్రమును మన పిల్లలు చదువవలసిన త్రోవను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇరువదియేండ్ల క్రిందట మన గ్రంథాలయమునకు వచ్చు ఒక పిల్లవాడు ఇంటర్మీడియట్ ముగించి, "చిన్నాయనా, నాకు కెమిస్ట్రీ చదవాలని ఉంది. యాడ చేరేది?" అని నన్నడిగెను. నేను కాగితము తీసి హైదరాబాదులో చదువునకగు ఖర్చు లెక్కవేసితిని. ఫీజు, హాస్టలు, పుస్తకములు, రానుపోను చార్జీలు అన్నియు కూడగా, వారికున్న మెట్ట చేను అమ్మినను చాలదని తేలెను. "పోనీ, దగ్గర కాలేజీలో?" అని వాడు మరల అడిగెను. "ఆ చిన్న కాలేజీలో చదివి ఏం సాధిస్తావురా?" అంటిని. వాడు మారు పలుకక వెడలిపోయెను; చదువు మానెను.

నా కూడిక తప్పలేదు. ఒక పద్దు మాత్రము వ్రాయ మరచితిని. చిన్నచోట మొదలుపెట్టి పెద్దచోట ముగించు మార్గమొకటి కలదని అప్పుడు నాకు తెలియదు. పిమ్మట ఈ గ్రంథాలయమున చదివిన పుస్తకములవలననే అది తెలిసినది. నా ఋణమిదియే.

ముందుగా మన కోటలోనే జరిగిన కథ నొకదానిని వినుడు. 1650 ప్రాంతమున గండికోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమయ్యెను. 1652లో తవెర్నియే అను ఫ్రెంచి వజ్రవర్తకుడు ఇచ్చటికి వచ్చి ఆతనిని దర్శించెను. ఆ వర్తకుడు తన యాత్రాగ్రంథమున ఇట్లు తెలిపినాడు: మీర్ జుమ్లా ఫిరంగులు పోతపోయింప నెంచి, దేవాలయములనుండి రాగి విగ్రహములను తెప్పించి, మాయే అను ఫ్రెంచివానికి ఆ పని అప్పగించెను. ఎంత వ్యయమైనను, ఎంత శ్రమించినను, ఒక్క ఫిరంగియైనను సరిగా కుదురలేదు. తుదకు మాయే కొలువు విడిచిపోయెను. కారణమేదైనను నేను గ్రహించిన నీతి యిది. అధికారము, ధనము, రాగి సమృద్ధిగా ఉన్నను, లోహము ఎట్లు కరగునో, అచ్చులో ఎట్లు చల్లారునో ఎరిగిన చేయి లేనిదే పని జరుగదు. అట్టి చేయి చిన్న మూసలో పదిమారులు కరగించి చూచినప్పుడే తయారగును.

చిన్న మూసతో మొదలిడి పెద్ద కొలిమికి చేరినవాడొకడు అమెరికా దేశమున ఉండెను. ఆయన పేరు బ్రూస్ మెరిఫీల్డ్. 1921లో టెక్సాస్ రాష్ట్రమున జన్మించెను. ఆర్థికమాంద్యపు దినములలో తలిదండ్రులు ఊరూర తిరుగుటచే, హైస్కూలు చేరకమునుపే నలుబదికి దగ్గరగా బడులు మారెను. పిదప పాసడీనా జూనియర్ కాలేజీలో రెండేండ్లు చదివి, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు మారి, 1943లో రసాయనశాస్త్రమున పట్టమును, 1949లో డాక్టరేటును పొందెను. 1963లో ఆయన ప్రకటించిన పద్ధతి లోకప్రసిద్ధము. మాంసకృత్తులు అమైనో ఆమ్లముల గొలుసులు. అంతకుముందు ఒక్కొక్క కొక్కెము తగిలించినప్పుడెల్ల గొలుసును వేరుచేసి శుద్ధిచేయవలసి వచ్చెడిది. మన స్త్రీలు దారపు కొనను మేకునకు కట్టి పూలు కట్టుదురు గదా! ఆయనయు గొలుసు కొనను జిగురుపదార్థపు చిన్న పూసకు తగిలించి, మిగులుదానిని కడిగివేయుచు గొలుసు పెంచెను. దానికి 1984లో నోబెల్ బహుమానము లభించెను.

అమెరికాలో జూనియర్ కాలేజీ యనగా మన ఇంటర్మీడియట్ కళాశాల కాదు. అది డిగ్రీ చదువులోని మొదటి రెండేండ్లను ఇంటికి దగ్గరగా, తక్కువ ఫీజుతో నేర్పునది. నేడు దానిని కమ్యూనిటీ కాలేజీ అందురు. 1901లో జోలియట్ పట్టణమున స్థాపింపబడినది ఇట్టి ప్రభుత్వ కళాశాలలలో మొదటిది. అచ్చట సామాన్య రసాయనము, కర్బన రసాయనము, గణితము, భౌతికశాస్త్రము చదివి మూడవయేట విశ్వవిద్యాలయమున చేరుదురు. చదివిన ప్రతి పాఠమును ఆ విశ్వవిద్యాలయము అంగీకరించునో లేదో ముందే విచారించుకొనవలెను. లేకున్న చదివినదే మరల చదువవలసి వచ్చును. చేరిన తొలి అర్ధసంవత్సరమున పలువురికి మార్కులు తగ్గును. దానికి "బదిలీ దెబ్బ" అని యచ్చట పేరే కలదు. పలువురు దానినుండి తేరుకొందురు. కనుక మొదటి పరీక్షలో మార్కులు తగ్గినవని మూట కట్టుకొని ఇంటికి రారాదు.

మనవైపు డిగ్రీని దగ్గరి కళాశాలలో ముగించి, ఎం.ఎస్‌సి.కి విశ్వవిద్యాలయమునకు పోవుట అలవాటైన త్రోవ. అనంతపురము ప్రభుత్వ కళాశాల 1916లో దత్తమండలముల కళాశాలగా వెలసినది. కడప ప్రభుత్వ పురుషుల కళాశాల 1948నాటిది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము 2006లో ఏర్పడినవి. అనుబంధ కళాశాలలో చదివినవానికిని పట్టా నిచ్చునది విశ్వవిద్యాలయమే. పిమ్మట మన రాష్ట్ర విశ్వవిద్యాలయములకు పీజీసెట్, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమువంటివానికి సీయూఈటీ, ఐ.ఐ.టి.లకు జామ్ అను ప్రవేశపరీక్షలు కలవు. ఆ పరీక్షలలో మార్కులే తూగును. కళాశాల భవనము ఎన్ని అంతస్తులదని ఎవ్వరును అడుగరు.

అయినచో ఏ చిన్న కళాశాలయైనను సరియేనా? కాదు. చేరకమునుపు తలిదండ్రులు ప్రయోగశాలను కన్నులార చూడవలెను. తక్కెడ పనిచేయుచున్నదా? కుళాయిలో నీరు వచ్చునా? బ్యూరెట్లు బీరువాలో దుమ్ము పట్టియున్నవా, లేక పిల్లల చేతులలో ఉన్నవా? రసాయనశాస్త్రము చేతితో నేర్చు విద్య. టైట్రేషన్ చేయునప్పుడు వచ్చిన కొలతలు ఒకదానితో నొకటి కలియనిచో మరల చేయవలెను. జమాఖర్చులు కలియనిదే లెక్క మూయరాదను మా నియమమే అదియు. ఆ ఓర్పును అలవరచుటకు పెద్ద నగరము అక్కరలేదు. విద్యార్థియు గణితమును విడువరాదు. రెండవయేటినుండియే ప్రవేశపరీక్షల పాఠ్యక్రమమును దగ్గర నుంచుకొని చదువవలెను. పాఠములు తెలుగున గ్రహించినను దినమునకొక పుట ఇంగ్లీషున వ్రాయవలెను.

తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర మీరెరిగినదే. మద్రాసులో వైద్యము చదివి, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే పొంది హార్వర్డు చేరిన ఆయన, 1925లో ఫిస్కేతో కలసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. తెచ్చుకొన్న పట్టా చిన్నదైనను కొలత పెద్దదయ్యెను.

ఈ విద్యకు మన సీమలో పని లేదనుకొనకుడు. ఎఱ్ఱగుంట్ల సిమెంటు మన సున్నపురాతినుండి వచ్చునదే. మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియము మన జిల్లాల గనులనుండి వచ్చునవే. మన బోరు నీటిలో ఏమి కలదో పరీక్షించి చెప్పుటకును రసాయనశాస్త్రజ్ఞుడే కావలెను. రాయి మనది, దానిని పరీక్షించు చేయి మాత్రము పొరుగూరిదేల కావలెను?

కార్యవర్గమువారికి ఒక విన్నపము. డిగ్రీ తరగతుల రసాయనశాస్త్ర గ్రంథములకును, ప్రవేశపరీక్షల పాత ప్రశ్నపత్రములకును ఒక అర కేటాయింపుడు. అందలి మొదటి పుస్తకముల వెల నేను చెల్లించెదను. పెద్దలకు ఇంకొక విన్నపము. పిల్లలు త్రోవ అడిగినప్పుడు, తెలియనిచో తెలియదనుడు. చిన్న కళాశాలయని తేలికచేసి మాత్రము మాటాడకుడు. ఒక్క మాటకు ఎంత ఖర్చగునో నా లెక్కలో వ్రాసియున్నది.

ఆనాటి పిల్లవాని కుమార్తె ఈయేడు పదవ తరగతి చదువుచున్నది. మొన్న సాయంకాలము ఇచ్చటికి వచ్చి రసాయనశాస్త్ర పుస్తకము ఉన్నదా యని అడిగినది. ఈ పర్యాయము నేను కాగితము తీయలేదు. పుస్తకము తీసి యిచ్చితిని.